టీచర్‌ను పేరు పెట్టి పిలిస్తే గౌరవం పోతుందా?

మీ అమ్మాయి చేరిన కొత్త స్కూల్లో టీచర్లను పేరు పెట్టి పిలవమంటున్నారు, దాంతో భయభక్తులు పోవా అని అడిగారు. పోవు. రెండు రకాల స్కూళ్లలోనూ లెక్కలు చెప్పిన అనుభవంతో అంటున్నాను. ఒకచోట సర్, మేడమ్ తప్ప ఇంకో మాట వినపడేది కాదు. రెండోచోట ప్రిన్సిపాల్‌తో సహా అందరికీ పేర్లే. అల్లరి మాత్రం రెండుచోట్లా సమానమే. "మేడమ్ మేడమ్" అంటూనే వెనక బెంచీలో నా నడకను అనుకరించినవాళ్లను చూశాను. పేరు పెట్టి పిలుస్తూనే, నేను క్లాసులో లేకపోయినా బుద్ధిగా లెక్కలు చేసుకున్నవాళ్లనూ చూశాను.

ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదు. స్వీడన్‌లో 1960ల చివరి నుంచి హోదాలతో పిలవడం బాగా తగ్గిపోయింది, అక్కడి పిల్లలకు టీచర్ పేరు పలకడం మామూలు విషయం. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లయితే 17వ శతాబ్దం నుంచే గౌరవ బిరుదులు వాడరు. వాళ్ల స్కూళ్లు చాలావాటిలో పేర్లతోనే పిలుస్తారు. కాకపోతే ఈ రెండుచోట్లా ఆ పద్ధతి ఏ ఒక్కరికో కాదు, అందరికీ ఉంది.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ రెండో స్కూల్లో కొన్నాళ్లకు "ఎవరి ఇష్టం వాళ్లది" అన్నారు. వయసులో పెద్దవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, మెల్లగా 'సర్' అయిపోయారు. మాలాంటి కుర్ర ఆడ టీచర్లం మాత్రం పేర్లతోనే మిగిలాం. ఒకసారి హోంవర్క్ అడిగితే ఒక పిల్ల ఏ మొహమాటం లేకుండా, "ముందు సర్‌ది పూర్తి చేయాలి, మీది సోమవారం ఇస్తాను" అంది. తప్పు ఆ పిల్లది కాదు. ఎవరి మాటకు ఎంత విలువివ్వాలో మేమే నేర్పించాం. అన్నట్టు, ఆయాను, వ్యాన్ డ్రైవర్‌ను పిల్లలు ఎప్పుడూ పేరుతోనే పిలిచేవాళ్లు. వాళ్ల గౌరవం గురించి స్టాఫ్ మీటింగ్‌లో ఎవరూ టెన్షన్ పడలేదు!

ఇక మీ అమ్మాయి సంగతి. అలవాటు లేని పిల్లలకు మొదట్లో నోరు పెగలదు. వేరే స్కూల్ నుంచి వచ్చిన ఒకబ్బాయి డౌట్ ఉంటే నా టేబుల్ పక్కకొచ్చి గొంతు సవరించుకుంటూ నిలబడేవాడు. పేరు పలకలేడు, మేడమ్ అంటే మిగతావాళ్లు నవ్వుతారని భయం. "టీచర్ అను, చాలు" అన్నాక తేలికపడ్డాడు. మీ అమ్మాయికీ ఆ వెసులుబాటు ఇవ్వమని క్లాస్ టీచర్‌ను అడగండి. పనిలో పనిగా, ఈ పద్ధతి ప్రిన్సిపాల్‌కీ వర్తిస్తుందా అని కూడా కనుక్కోండి. వర్తించదంటే మాత్రం నేనైతే కాస్త ఆలోచిస్తాను.