థలసీమియాలో ‘పెసారో రెండో తరగతి’ అంటే ఏమిటి? మజ్జ మార్పిడి ఇప్పుడే చేయించాలా?

మీ ఆరేళ్ల అమ్మాయికి బీటా థలసీమియా మేజర్ (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాక తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే పుట్టుకతో వచ్చే వ్యాధి) ఉందని, తమ్ముడితో హెచ్ఎల్ఏ (దాత మజ్జ సరిపోతుందో లేదో చెప్పే కణజాల గుర్తులు) పూర్తిగా కలిసిందని, డాక్టరు గారు ఫైలులో ‘పెసారో క్లాస్ 2’ అని రాశారని, అందుకే భయంగా ఉందని రాశారు. మా చిన్నమ్మాయికి కూడా అదే తరగతి రాశారు. వాళ్ల అన్నయ్య ఎముక మజ్జతో (రక్తకణాలు తయారయ్యేది ఇందులోనే) మార్పిడి జరిగింది. కాబట్టి మాకు తెలిసినంత వరకు చెబుతాను.

పెసారో ఇటలీలో ఏడ్రియాటిక్ తీరాన ఉన్న ఊరు. అక్కడి ఆసుపత్రిలో రక్తవ్యాధుల నిపుణుడు గైడో లుకరెల్లి తన బృందంతో కొన్ని వందల మంది థలసీమియా పిల్లలకు మజ్జ మార్పిడి చేశారు. 1981 డిసెంబరులో, కొద్ది రోజుల తేడాతో, ఈ వ్యాధికి రెండు మార్పిడులు జరిగాయి. అమెరికాలోని సియాటిల్‌లో డొనాల్ థామస్ బృందం చికిత్స చేసిన 14 నెలల బిడ్డకు అప్పటికి రక్తమే ఎక్కించలేదు. ఆ బిడ్డకు వ్యాధి నయమైంది. పెసారోలో చేసినది అప్పటికే 150 సార్లు రక్తం ఎక్కించుకున్న 16 ఏళ్ల రోగికి. ఆ శరీరం కొత్త మజ్జను తిరస్కరించింది. రెండు చోట్లా దాత తోబుట్టువే కనుక, తేడా అంతకు ముందు ఎక్కించిన రక్తంలో ఉందేమోనని ఆలోచిస్తే లుకరెల్లి తరువాతి పరిశోధన ఎటు సాగిందో అర్థమవుతుంది.

ఎక్కించే ఒక్కో ప్యాకెట్ రక్తంతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది కాలేయంలో పేరుకుంటుంది. మార్పిడికి ముందు పాత మజ్జను తుడిచిపెట్టడానికి ఇచ్చే బుసల్ఫాన్ వంటి మందుల దెబ్బ తగిలేది కూడా ఆ కాలేయానికే. అందుకే ఆయన బృందం మూడు విషయాలు చూసింది: కాలేయం పక్కటెముకల అంచు నుంచి 2 సెంటీమీటర్లకు మించి కిందికి పెరిగిందా, కాలేయంలో మచ్చ కణజాలం ఏర్పడిందా, ఇనుము తగ్గించే మందు మొదటి నుంచీ క్రమంగా వాడారా. ఏ లోపమూ లేకపోతే మొదటి తరగతి, ఒకటి లేదా రెండు ఉంటే రెండోది, మూడూ ఉంటే మూడోది. తరగతి పెరిగే కొద్దీ ఫలితాలు తగ్గాయని 1990లో వారు ప్రచురించిన ఫలితాలు స్పష్టంగా చూపాయి. క్రమంగా వాడటమంటే వారి లెక్కలో కఠినమైన విషయమే: ఆ రోజుల్లో డెస్‌ఫెరాల్ మందును చర్మం కిందికి పంపుతో రోజుకు 8 నుంచి 10 గంటల పాటు, వారానికి కనీసం 5 రోజులు ఇవ్వాలి.

మా డాక్టరు గారు పాప పొట్ట మీద పెన్నుతో చిన్న గీత గీసి, పక్కటెముక అంచు దగ్గర టేపు పెట్టి 3 సెంటీమీటర్లని రాసుకున్నారు. మందులు సరిగానే వాడాం, బయాప్సీలో మచ్చ లేదు, అయినా ఆ ఒక్క కొలతతోనే రెండో తరగతి వచ్చింది. మీ పాపకు మూడింటిలో ఏది లెక్కలోకి వచ్చిందో మీరు తప్పక అడగండి. ఒకే తరగతి పేరు కింద భిన్నమైన పిల్లలు ఉంటారు. మనకు దగ్గరలోని వెల్లూరు సీఎంసీలో 1986 నుంచి మార్పిడులు జరుగుతున్నాయి. ఏడేళ్లు, ఆపైన వయసు ఉండి కాలేయం 5 సెంటీమీటర్లు లేదా అంతకు మించి పెరిగిన మూడో తరగతి పిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువని అక్కడి వైద్యులే గుర్తించారు. సరిపోయే తోబుట్టువు ఉన్నప్పుడు ఏళ్ల తరబడి వాయిదా వేయడం మంచిది కాదని నేను అనేది అందుకే. తేదీ మాత్రం డాక్టరు గారే నిర్ణయించాలి. ఈలోగా ఇనుము మందు ఆపకండి.

ఖర్చు సంగతి కూడా అడగండి. కోల్ ఇండియా నిధులతో నడిచే థలసీమియా బాల సేవా యోజన కింద అర్హత ఉన్న పిల్లలకు 10 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది.

మార్పిడి తరువాత సంగతి ఒకటి మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. కొత్త మజ్జ పనిచేసినా పాత ఇనుము ఒంట్లోనే ఉంటుంది. హిమోగ్లోబిన్ నిలబడ్డాక, పెసారో బృందం అనుసరించిన పద్ధతిలోనే, రెండు వారాలకోసారి కిలోకు 6 మిల్లీలీటర్ల లెక్కన మా పాపకు రక్తం తీశారు. పాప పుట్టినప్పటి నుంచి తనకు ఎక్కించే రక్తం కోసం తిరిగిన మా అత్తగారు ఆ తీసే ప్యాకెట్‌ను చూసి, ఇదేం వైద్యమని నర్సుతో గొడవ పెట్టుకున్నారు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపే రక్తపరీక్ష) తగ్గే వరకు అది కొనసాగింది.