బంకర్లలోంచి హ్యామ్ (అభిరుచి) రేడియో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి బంకర్లో కూర్చుని 145 మెగాహెర్ట్జ్‌లో 5 వాట్ల హ్యాండీతో (చేతి రేడియోతో) పిలిస్తే, బయట రెండు వందల మీటర్ల దూరంలో ఉన్న మిత్రుడికి కూడా వినపడలేదు. గుమ్మం దాటి బయటికి రాగానే దూరపు స్టేషన్లు పలికాయి. గోడ మందం వల్లేనా?

జవాబు: మందం పాత్ర కొంతే. అసలు అడ్డు గోడలోని ఇనుప చువ్వలు. చువ్వల మధ్య ఖాళీ జానెడే, 145 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు మాత్రం 2 మీటర్లు దాటుతుంది. అంత పొడవైన తరంగానికి ఆ చువ్వల వల దాదాపు ఇనుప రేకుతో సమానం. అట్లాంటిక్ తీరాన జర్మన్లు కట్టిన ప్రామాణిక బంకర్లలో గోడలూ కప్పూ 2 మీటర్ల మందం. పైన మట్టి కప్పి ఉంటే ఆ తడి మట్టి కూడా సిగ్నల్‌ను తినేస్తుంది.

తుపాకీ కంతలోంచి కొంత బయటికి పోవచ్చు. అయితే ఆ కంత వెడల్పు సుమారు అర తరంగమైనా ఉండాలి. 433 మెగాహెర్ట్జ్‌కు అర తరంగం 35 సెంటీమీటర్లు కాబట్టి 60 సెంటీమీటర్ల కంతలోంచి ఆ సిగ్నల్ బాగానే వెళ్తుంది. 145కు అది మీటరు దాటుతుంది, కనుక వెళ్లదు. ఇక 7 మెగాహెర్ట్జ్‌కు తలుపు బార్లా తెరిచినా లాభం లేదు.

అప్పటి సైనికులకూ ఇదే చిక్కు. ఫ్రాన్స్‌లోని మాజినో రేఖ కోటల్లో రేడియో యాంటెన్నాలను బయటి గోడలకు బిగించారు. అయినా ప్రధానంగా ఆధారపడింది భూమిలో పాతిన టెలిఫోన్ తీగల మీదే. కాబట్టి ముందు ఒక నిర్ణయానికి రండి: మనిషీ రిగ్గూ (రేడియో సెట్టూ) లోపల ఉండొచ్చు, యాంటెన్నా మాత్రం బయటే ఉండాలి. రెంటినీ కలిపేది కోయాక్స్ కేబుల్. ఆర్‌జి-58 కేబుల్ 15 మీటర్లు వాడితే 7 మెగాహెర్ట్జ్‌లో పోయేది అర డెసిబెల్ చిల్లర. అదే 145లో సుమారు 3 డెసిబెల్స్, అంటే సగం పవర్ కేబుల్లోనే వేడిగా మారిపోతుంది. ఆ బ్యాండ్‌కు లావుపాటి ఆర్‌జి-213 తీసుకెళ్లండి.

ప్రశ్న: బంకర్ కప్పు ఎలాగూ నేలకు మూడు మీటర్ల ఎత్తున ఉంది. 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) తీగను దాని మీదే పరిస్తే సరిపోదా? ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1 అయితే ఉత్తమం) 1.3 చూపిస్తోంది.

జవాబు: ఆ 1.3ను చూసి మురిసిపోకండి. తీగకు కొద్ది సెంటీమీటర్ల కిందే చువ్వల వల ఉంది, కనుక రేడియో దృష్టిలో మీ యాంటెన్నా ఎత్తు ఆ కొద్ది సెంటీమీటర్లే. పవర్‌లో చాలా భాగం కాంక్రీటులో వేడిగా పోతోంది, అందుకే తిరిగి వచ్చేది తక్కువ. యాంటెన్నా బదులు తగిలించి పవరంతా వేడిగా మార్చే డమ్మీ లోడ్‌కూ ఎస్‌డబ్ల్యూఆర్ బ్రహ్మాండంగానే ఉంటుంది!

మేము సిఫారసు చేసేది బంకర్ పక్కన నేల మీద నిలబెట్టిన 10 మీటర్ల ఫైబర్‌గ్లాస్ పోల్, దాని మీద తిరగేసిన వి ఆకారపు డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు చేతుల తీగ యాంటెన్నా). 7.1 మెగాహెర్ట్జ్‌కు లెక్క ప్రకారం ఒక్కో చేయి 10.07 మీటర్లు. 10.3 మీటర్లకు కోసి, చివర మడిచి సరిచూసుకోండి. ప్లాస్టిక్ తొడుగున్న తీగ లెక్క కంటే కాస్త పొట్టిగా కుదురుతుంది. మధ్య నుంచి 5 మీటర్ల దగ్గర రెండు వైపులా తీగను తెంచి, తగిలించి విప్పే లింక్ పెట్టుకుంటే, అది విప్పినప్పుడు 14 మెగాహెర్ట్జ్ యాంటెన్నా అవుతుంది.

పోల్ కొసన ఉన్న రెండు సన్న ముక్కలు కోయాక్స్ బరువు మోయలేవు, ఆర్‌జి-58 తొమ్మిది మీటర్లకే మూడు వందల గ్రాములు దాటుతుంది. ఆ ముక్కలు తీసేసి 8.5 మీటర్ల దగ్గర కట్టండి. తీగ చివర్లు నేలకు 2 మీటర్ల కంటే కిందికి రాకూడదు, ప్రసారం చేస్తున్నప్పుడు అక్కడ వోల్టేజీ చాలా ఎక్కువ, చూడటానికి వచ్చినవాళ్లు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఈ కొలతలతో తీగలు రెండు వైపులా ఏడున్నర మీటర్ల చొప్పున పరుచుకుంటాయి. తాళ్లతో కలిపి 20 మీటర్ల జాగా చూసుకోండి.

మేకులు దిగ్గొట్టొద్దు. రక్షిత కట్టడాల దగ్గర తవ్వకం నేరం కావచ్చు. అంతకంటే ముఖ్యం, యుద్ధం జరిగిన నేలలో పేలని గుండ్లు ఇప్పటికీ బయటపడుతున్నాయి. మూడు వైపులా 10 లీటర్ల నీళ్ల సంచులకు తాళ్లు కట్టండి. గాలి ఎక్కువైతే సంచులు జారతాయి, అప్పుడు పోల్ దించేయడమే. కప్పు మీదికి ఎక్కాల్సి వస్తే గడ్డిలో కనపడకుండా ఉండే గాలిగొట్టాల కంతలు చూసుకుని అడుగెయ్యండి.

ఈ ఎత్తులో 40 మీటర్ల బ్యాండ్ సిగ్నల్ ఎక్కువగా నిట్టనిలువుగా పైకి పోయి, పై వాతావరణం నుంచి వెనక్కి మళ్లి, పగటిపూట కొన్ని వందల కిలోమీటర్ల లోపు స్టేషన్లకు చేరుతుంది. రేడియోలో బంకర్ స్టేషన్ల కోసం వెతికేవాళ్లలో చాలామంది ఉండేది ఆ దూరంలోనే.

ప్రశ్న: కారు గేటు దగ్గరే ఆపాలి. కారు బ్యాటరీ నుంచి 8 మీటర్ల తీగ లాగి లోపల రిగ్ పెట్టాను. వినడం బాగుంది, 100 వాట్లతో మాట్లాడబోతే రిగ్ ఆగిపోతోంది. రిగ్ పాడైందా?

జవాబు: రిగ్ బాగానే ఉంది, తీగే సన్నం. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ రానూపోనూ 16 మీటర్లంటే నిరోధం సుమారు 0.19 ఓమ్. వినేటప్పుడు రిగ్ లాగేది ఒక ఆంపియర్, తగ్గేది 0.2 వోల్టు, తేడా తెలియదు. మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్లు లాగితే దాదాపు 4 వోల్టులు తీగలోనే పోతాయి. 12.6లో మిగిలేది సుమారు 8.8. మామూలు రిగ్గులు 11.7 దిగితే సరిగ్గా పనిచేయవు.

బ్యాటరీని రిగ్ పక్కనే పెట్టండి. 20 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఒకటిన్నర మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల తీగ ఉంటే పడిపోయేది 0.3 వోల్టే. ఫ్యూజు బ్యాటరీ చివర ఉండాలి. పవర్ 50 వాట్లకు తగ్గించి మాటలతోనే సాగిస్తే నాలుగు గంటలకు 10 ఆంపియర్-అవర్లు సరిపోతాయి. పొడిగించాల్సి వస్తే కోయాక్స్‌నే పొడిగించండి, పవర్ తీగను కాదు. పెట్రోలు జనరేటర్‌ను మాత్రం లోపలా, గుమ్మం దగ్గరా పెట్టకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: మ్యూజియంగా మార్చిన బంకర్లో రొద ఎస్-9 (రిగ్ మీటరులో బలమైన సిగ్నల్ చూపే గుర్తు) దాకా ఉంటోంది. యాంటెన్నా బయటే ఉంది కదా?

జవాబు: ఎల్‌ఈడీ దీపాలు, తేమ తీసే యంత్రాలు, పంపులు పుట్టించే రొద కోయాక్స్ బయటి లోహపు అల్లిక వెంట బయటికి నడిచి యాంటెన్నాకు చేరుతుంది. లోపలికి పోయే ప్రతి తీగా దానికి దారే. రెండు చోక్‌లు (ఆ రొదను ఆపే కేబుల్ చుట్టలు) వేయండి: గుమ్మం దగ్గర ఒకటి, డైపోల్ మధ్యలో ఒకటి. ఎఫ్‌టి240-31 ఫెరైట్ రింగు మీద ఆర్‌జి-58 పన్నెండు చుట్లు. రిగ్‌ను అక్కడి కరెంటుకు కలపకుండా బ్యాటరీతోనే నడపండి. ఎర్త్ కోసం తలుపుకో చువ్వలకో క్లిప్ పెట్టడం చాలామంది చేసే తప్పు. తుప్పు పట్టిన అతుకులు డయోడ్‌లా పనిచేసి, మీ సిగ్నల్ నుంచే కొత్త రొద పుట్టిస్తాయి. అన్నీ చేసినా తగ్గకపోతే నిర్వాహకులను అడిగి తేమ యంత్రాన్ని ఓ గంట ఆపించండి.

ప్రశ్న: పాడుబడ్డ భూగర్భ గదిలో రోజంతా కూర్చోవచ్చా?

జవాబు: మేమైతే వద్దంటాం. నిచ్చెన దిగి వెళ్లే గదుల్లో గాలి కదలదు. తుప్పు పట్టే ఇనుమూ కుళ్లే కర్రా ఆక్సిజన్‌ను తగ్గిస్తాయి. గ్యాస్ మీటర్ 19.5 శాతం కంటే తక్కువ చూపిస్తే దిగవద్దు. మీటర్ లేకపోయినా దిగవద్దు. పైన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి, లోపలినుంచి ఫోన్ పలకదన్నది గుర్తుంచుకోండి. చలిలో ఉంచిన రిగ్‌ను తేమగా, కాస్త వెచ్చగా ఉండే గదిలోకి తెస్తే లోపలి బోర్డుల మీద నీరు పడుతుంది. మూసిన సంచిలోనే గంటసేపు ఉంచి, ఆ తర్వాత తీయండి. గబ్బిలాలు శీతాకాలంలో నిద్రపోయే బంకర్లయితే అసలు వెళ్లకండి. యూరప్‌లో వాటికి చట్టరక్షణ ఉంది, మేలుకుంటే చలికాలం గడవడానికి దాచుకున్న కొవ్వు కరిగి చచ్చిపోవచ్చు.

బయట మడతకుర్చీ వేసుకుని పనిచేస్తే ఈ చిక్కులు చాలావరకు ఉండవు. బంకర్స్ ఆన్ ది ఎయిర్ (బంకర్ల నుంచి హ్యామ్ ప్రసారాలు చేసే కార్యక్రమం) వంటి కార్యక్రమాల్లో పాల్గొనేటట్లయితే కట్టడానికి ఎంత దూరంలో ఉండొచ్చో, ఎన్ని కాంటాక్ట్‌లు (రేడియో సంభాషణలు) కావాలో వారి నిబంధనల్లో ముందే చూసుకోండి. స్థలం యజమాని దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. కాల్‌సైన్‌తో (మీ స్టేషన్ గుర్తింపు పేరుతో) పాటు, కార్యక్రమం ఆ బంకర్‌కు ఇచ్చిన రిఫరెన్స్ నంబరును కొన్ని కాంటాక్ట్‌లకోసారి చెబుతూ ఉంటే, కొత్తగా ట్యూన్ చేసి వచ్చినవాళ్లు మధ్యలో అడ్డుపడి అడగనక్కర్లేదు.