పాత బోటు డీజిల్ ట్యాంకు, దాని ఎర్తింగు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో చేపల వేట నిషేధం. బోటు ఒడ్డునే ఉండే ఆ 61 రోజుల్లో ట్యాంకు పని ముగించాలన్న నీ ఆలోచన మంచిది. చెక్క బోటు, ఇనుప రేకు ట్యాంకు కాబట్టి ఏ పని ముందు, ఏది వెనక అన్నది చాలా ముఖ్యం.

ముందు ప్రాణానికి సంబంధించిన మాట. నిండు ట్యాంకు కన్నా ఖాళీ చేసిన ట్యాంకుతోనే ఎక్కువ భయం. అంటుకునేది ఆవిరి, ఖాళీ ట్యాంకు నిండా ఉండేది అదే. మన బంకుల డీజిల్‌కి ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. మే నెల ఎండలో రేకు అంతకన్నా ఎక్కువే కాలుతుంది. అందుకని ట్యాంకు బోటులో ఉండగా వెల్డింగ్ మాటే ఎత్తనివ్వకు. విప్పి ఒడ్డుకు దించు. అడుగున మిగిలిన మడ్డి తోడించి, 100 లీటర్ల నీళ్ళకి రెండు కిలోల కాస్టిక్ సోడా లెక్కన కలిపి, వేడిగా నింపి కొన్ని గంటలు ఉంచు. సోడాని నీళ్ళలో వెయ్యాలి గానీ సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. ట్యాంకు అల్యూమినియందైతే కాస్టిక్ లోహాన్నే తినేస్తుంది, దానికి సబ్బునీళ్ళు వాడాలి. తర్వాత మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగించు.

కడిగినా తుప్పు పొరల కింద, అతుకుల సందుల్లో డీజిల్ దాగి ఉంటుంది. వెల్డింగ్ వేడి తగలగానే అది ఆవిరై బయటికొస్తుంది. కాబట్టి నిన్న కడిగాం కదా అని ఇవాళ టార్చి పెట్టనివ్వకు. అతుకు వేసే చోటు పైకి వచ్చేలా ట్యాంకుని తిప్పి, ఆ చోటికి కాస్త కింద దాకా నీళ్ళు నింపి, మూతలన్నీ తెరిచి ఉంచి, గ్యాస్ డిటెక్టర్ సున్నా చూపించాకే వెల్డర్‌ని రమ్మను.

రేకు ఎంత మిగిలిందో సుత్తితో కొట్టి చూడు. గట్టి రేకు గణగణమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. 3 మిల్లీమీటర్ల రేకు చాలా చోట్ల 2 కన్నా తగ్గితే అతుకుల మీద డబ్బు పొయ్యకు, కొత్త ట్యాంకే చేయించు. తుప్పు ఎక్కువగా అడుగునే ఉంటుంది. లోపల డీజిల్ కింద చేరిన నీళ్ళు తింటాయి, బయట ట్యాంకు కింద పరిచిన గోనెసంచి తడి పట్టుకుని తింటుంది. గోనె, ఫెల్ట్ తీసేసి నియోప్రీన్ రబ్బరు పట్టీలు అంటించు, అడుగున గాలి ఆడాలి. బయట ఎపాక్సీ ప్రైమర్ మీద రెండు పూతలు చాలు. లోపల రంగు వద్దు, గాల్వనైజింగ్ (జింకు పూత) అసలే వద్దు. జింకు డీజిల్‌తో కలిసి సబ్బులాంటి జిగురు తయారై ఫిల్టర్లు మూసుకుపోతాయి. శుభ్రం చేశాక లోపల డీజిల్ పూసి ఉంచితే చాలు.

లీకు పరీక్షకి కంప్రెసర్ గాలి వాడకు, ట్యాంకు ఉబ్బి పగులుతుంది. ట్యాంకు నిండా నీళ్ళు పోసి, గాలి గొట్టానికి పారదర్శక ట్యూబు తగిలించి, అందులో నీటిమట్టం ట్యాంకు పైభాగానికి రెండు మీటర్ల ఎత్తుకి తెచ్చి ఒక గంట చూడు. అది 0.2 బార్ ఒత్తిడితో సమానం. మూతల గ్యాస్కెట్లు నైట్రైల్ రబ్బరువి వెయ్యి. సిలికాన్ డీజిల్‌లో మెత్తబడి ఊడుతుంది.

ఇక ఎర్త్. ఇది చాలామంది వదిలేసే పని. డెక్కు మీద డీజిల్ పోసే నోటికి ఇత్తడి ఫిల్లర్ ప్లేటు ఉంటుంది, దాని కింద రబ్బరు గొట్టం, ఆ కింద ట్యాంకు. రబ్బరు మధ్యలో ఉండటంతో ప్లేటు ఒంటరిగా మిగిలిపోతుంది. డీజిల్ గొట్టంలో పారుతుంటే స్టాటిక్ విద్యుత్తు పుట్టి ఆ ప్లేటు మీద పేరుకుంటుంది. డీజిల్ పోసే నాజిల్ దగ్గరికి రాగానే, ఆవిరి బయటికొచ్చే నోటి దగ్గరే నిప్పురవ్వ. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం) డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి, అంటే పది లక్షల్లో పది వంతులకి తగ్గింది. గంధకం తీసే శుద్ధిలో డీజిల్ విద్యుత్ వాహకత కూడా తగ్గుతుంది, కాబట్టి స్టాటిక్ సులువుగా పేరుకుంటుంది. పాత రోజుల్లో ఏమీ కాలేదన్న మాట ఇప్పుడు పనికిరాదు.

10 చదరపు మిల్లీమీటర్ల, తగరం పూత ఉన్న, ఆకుపచ్చ రంగు మల్టీస్ట్రాండ్ (సన్న పోగులు పేనిన) తీగ తీసుకో. ప్లేటు నుంచి ట్యాంకు మీద వెల్డ్ చేసిన చెవికి, అక్కడి నుంచి ఇంజిన్ బ్లాకు మీద బ్యాటరీ నెగటివ్ బిగించిన బోల్టుకి వెయ్యి. నీటి కింద కంచు ఎర్త్ ప్లేటు ఉంటే దానికీ కలుపు. ప్రొపెల్లర్ శాఫ్టుని నమ్ముకోకు, గేర్‌బాక్స్‌లో ఆయిల్ పొర అడ్డొస్తుంది. తీగ కొసని గొట్టం క్లిప్పు కింద దూర్చడం మాత్రం వద్దు, ఆ సందులోంచే డీజిల్ కారుతుంది. చెవి దగ్గర రంగు గీకి మెరిసే లోహం మీద లగ్ (తీగ కొసకి వేసే రింగు) బిగించి, ఆ తర్వాత గ్రీజు పూయి. ట్యాంకులో డీజిల్ మట్టం గేజికి చెప్పే ఫ్లోటు యూనిట్ రబ్బరు గ్యాస్కెట్ మీద కూర్చుంటుంది కాబట్టి దాని స్క్రూకి కూడా ఒక తీగ కావాలి. గేజి ముల్లు ఊగిసలాడితే ముందు అనుమానించాల్సింది ఆ ఎర్తునే.

బ్యాటరీ తీసేసి మల్టీమీటర్‌తో కొలువు. ముందు రెండు ప్రోబులు ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకె తీసేసుకో. ప్లేటు నుంచి ట్యాంకుకీ, ట్యాంకు నుంచి బ్లాకుకీ ఒక ఓమ్ కన్నా తక్కువ రావాలి. ఎక్కువొస్తే ఎక్కడో రంగు గానీ తుప్పు గానీ అడ్డుంది.

డ్రమ్ములతో నింపేటప్పుడు ప్లాస్టిక్ గరాటు వద్దు. డ్రమ్ము మూత తియ్యకముందే డ్రమ్ముకీ ఫిల్లర్ ప్లేటుకీ మధ్య క్లిప్పులున్న తీగ తగిలించు, అంతా అయి మూత పెట్టాకే తియ్యి. మొదట్లో నెమ్మదిగా పొయ్యి.

కడిగిన ట్యాంకులోంచి మొదటి రెండు మూడు వేటల్లో వదులైన తుప్పు వస్తూనే ఉంటుంది. ఫిల్టర్లు రెండు అదనంగా బోటులో పెట్టించు, వాటిని మార్చడానికి సరిపోయే పానా కూడా.

ఇట్లు,
మీ మావయ్య