హాస్టల్ వైఫైలో టొరెంట్: కావలి తమ్ముడికి సమాధానం

తమ్ముడూ, కావలి హాస్టల్లో నీ లాగిన్‌తో రూమ్మేట్ టొరెంట్‌లో సినిమా దించాడని, ఇప్పుడు నీ వైఫై ఆపేసి వివరణ రాసివ్వమన్నారని రాశావు. టెన్షన్ పడకు, కానీ అబద్ధం మాత్రం రాయొద్దు. ఒంగోలులో నేను ఒక కాలేజీ నెట్‌వర్క్ చూసేవాణ్ణి. ఏ లాగిన్ ఎప్పుడు ఎంత డేటా వాడిందో లాగ్‌లో కనిపించేది. పాస్‌వర్డ్ ఇవ్వడం తప్పేనని ఒప్పుకుని, ఈ రోజే మార్చేసి, ఆ మాట కూడా రాయి. రూమ్మేట్ కూడా సంతకం పెడితే నీ మాటకు బలం.

టొరెంట్‌తో అసలు చిక్కేమిటంటే, సినిమా దిగుతుండగానే ఆ ముక్కలు మీ కంప్యూటర్ నుంచి ఇతరులకూ వెళ్తుంటాయి. అంటే మీరు పంచిపెడుతున్నట్టే. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చు. అయినా ఎందుకా తలనొప్పి? ముందు ఆ టొరెంట్ సాఫ్ట్‌వేర్ తీసేయించు.

టెక్స్ట్‌బుక్ స్కాన్ల సంగతి వేరు. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో, బోధనకు అవసరమైన భాగాలు కాపీ చేసివ్వడాన్ని 2016లో ఢిల్లీ హైకోర్టు, అదే చట్టంలో ఏవి ఉల్లంఘన కావో చెప్పే 52వ సెక్షన్ కింద సమర్థించింది. అలాగని పుస్తకం మొత్తం టెలిగ్రామ్ గ్రూపులో పెట్టేయకండి. ఇంజనీరింగ్ పాఠాలకైతే ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటెల్ వీడియోలు ఉచితమే, నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా వెతుకు.