ఆరు నెలలు ఇండియాలో ఉండి వీధి పిల్లలతో పనిచేయాలంటే: విజయవాడలో నా అనుభవం

మీరు అడిగింది ఇది: మీ అమ్మాయి అమెరికాలో డిగ్రీ పూర్తి చేసింది. ఆరు నెలలు హైదరాబాద్‌లో అమ్మమ్మగారింట్లో ఉండి వీధి పిల్లలకు చదువు చెప్తానంటోంది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. తనకు ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉంది, తోడు వస్తానంటున్న అమెరికన్ స్నేహితురాలికి లేదు. ఎక్కడికి వెళ్లాలి, క్షేమమేనా, ఆరు నెలల్లో ఎవరికైనా ఉపయోగం ఉంటుందా అని మీ సందేహం.

నేనూ అమెరికా నుంచి వచ్చి పదకొండు నెలలు విజయవాడలో ఉన్నాను. మా అత్తగారికి ఆపరేషన్ అయితే చూసుకోవడానికి వచ్చాను. పగలంతా ఆవిడ దగ్గర, వారానికి నాలుగు సాయంత్రాలు మాత్రం రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఒక ఓపెన్ షెల్టర్‌లో, అంటే వీధి పిల్లలు తాత్కాలికంగా తలదాచుకునే చోట. ఐదింటికి వెళ్తే ఏడున్నరకు బయటపడేదాన్ని. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ఉపయోగం తప్పకుండా ఉంటుందండీ. కాకపోతే ఒక విషయం అమ్మాయితో ముందే గట్టిగా మాట్లాడండి. ఆ పిల్లల దగ్గరికి ప్రేమగా వచ్చి వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. చెప్పిన రోజున చెప్పిన టైముకి వచ్చేవాళ్లే తక్కువ. నేను వెళ్లిన మొదటి సాయంత్రం పదకొండేళ్ల అబ్బాయి ఒకడు నా పక్కన చేరి, నా పేరు కూడా అడక్కుండా, "నీ టికెట్ ఎప్పటికక్కా?" అన్నాడు. ఏ రైలు టికెట్టో అనుకున్నాను. వాడు అడిగింది నా తిరుగు ప్రయాణం గురించి. అంతకుముందు వచ్చిన అక్కలు, అన్నలు అందరూ అలాగే వెళ్లిపోయారు మరి. "ఇప్పుడేగా వచ్చింది, చూద్దాంలే" అని దాటేశాను. అది తప్పని తర్వాత తెలిసింది, చివర్లో చెప్తాను.

ముందు వీసా సంగతి. మీ అమ్మాయికి ఓసీఐ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఓసీఐ ఉన్నవాళ్లు ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సిన పనులేవో 2021 మార్చి నోటిఫికేషన్‌లో ఉన్నాయి: మత ప్రచారం, జర్నలిజం, పరిశోధన వంటివి. పిల్లలకు చదువు చెప్పడం అందులో లేదు. స్నేహితురాలి విషయం వేరు. ఈ-టూరిస్ట్ వీసా మీద జీతం, ప్రతిఫలం ఏమీ లేని స్వచ్ఛంద సేవ చేయొచ్చు, కానీ గరిష్ఠంగా ఒక నెలే. ఆరు నెలలు ఉండాలంటే జీతం లేకపోయినా ఆ సంస్థ పేరు మీద ఎంప్లాయ్‌మెంట్ వీసా తీసుకోవాలి. "టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, ఎవరూ అడగరు" అని ఏ సంస్థ అయినా అంటే ఆ సంస్థను వదిలేయండి. వీసా విషయంలో అంత తేలిగ్గా ఉండేవాళ్లు పిల్లల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉంటారన్న నమ్మకం ఏముంది?

సంస్థను ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది, బాలల న్యాయ చట్టం 2015 కింద రిజిస్టర్ అయ్యారా అని. అనాథ పిల్లల్ని, వీధి పిల్లల్ని ఉంచుకునే ఏ హోమ్ అయినా ఆ చట్టం 41వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కావాల్సిందే. ఒంటరిగా దొరికిన పిల్లవాణ్ని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి అప్పగించాలి. షెల్టర్‌లో అందరూ సీడబ్ల్యూసీ అనేది దాన్నే. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. పిల్లవాడు ఇంటికి వెళ్లాలా, హోమ్‌కి వెళ్లాలా అన్నది వాళ్లే తేలుస్తారు, సంస్థ సొంతంగా తేల్చకూడదు. "మీ దగ్గర పిల్లల్ని సీడబ్ల్యూసీకి చూపిస్తారా?" అని అడిగితే మంచి సంస్థవాళ్లు వెంటనే ఫైలు తీసి చూపిస్తారు.

రెండోది, వాళ్లు మీ అమ్మాయిని ఏం అడుగుతున్నారో చూడండి. నన్ను పాస్‌పోర్ట్ కాపీ, ఇద్దరు పరిచయస్తుల ఫోన్ నంబర్లు అడిగారు. పిల్లలతో గదిలో ఒంటరిగా ఉండనని, తలుపు తీసే ఉంచుతానని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అప్పుడు కొంచెం చిన్నబుచ్చుకున్నాను కానీ ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ల మీద గౌరవం పెరుగుతోంది. ఏమీ అడగకుండా "రేపటి నుంచి వచ్చేయమ్మా" అనే చోటికి ఎవరైనా రావచ్చు కదా.

ఫొటోల గురించి ఒక్క మాట. చట్టం కిందికి వచ్చే పిల్లల పేరు, ముఖం, ఆనవాళ్లు బయటపెడితే 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్క సెల్ఫీ కూడా వద్దని చెప్పండి. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లవాణ్ని ఎవరు వెతుకుతున్నారో, ఎందుకు వెతుకుతున్నారో మనకు తెలియదు.

ఇక అసలు పని. నేను వెళ్లేటప్పుడు రంగురంగుల వర్క్‌షీట్లు ప్రింట్ తీసుకెళ్లాను. ఐదు యాపిల్స్‌లోంచి రెండు తీసేస్తే ఎన్ని అని. టికెట్ అడిగిన అబ్బాయి ఆ కాగితాన్ని ఒకసారి చూసి బోర్లించి పెట్టాడు. వాడు రెండేళ్లుగా ప్లాట్‌ఫాంల మీద ఖాళీ వాటర్ బాటిళ్లు ఏరి కిలోల లెక్కన అమ్ముతున్నవాడు. అంకెలు రాయడం రాదు. కానీ ఆ స్టేషన్‌లో ఉన్న పది ప్లాట్‌ఫాంలలో పినాకిని ఎక్కడి నుంచి బయలుదేరుతుందో, రత్నాచల్ లేటైతే ఏ బండిని ఏ ప్లాట్‌ఫాంకి మారుస్తారో నోటికి చెప్పేవాడు. మర్నాడు యాపిల్స్ పక్కన పెట్టి బోర్డు మీద రాశాను: రావాల్సింది 6:50, వచ్చింది 8:05. నేను చాక్‌పీస్ కింద పెట్టేలోపే "గంటా పావు లేటు" అన్నాడు. "మరి దాన్ని ఇక్కడ రాయి" అన్నాను. 5లోంచి 50 పోదు, గంటను అప్పు తెచ్చుకోవాలి, గంటంటే 60 కదా, 100 కాదు. ఆ అప్పు తెచ్చుకోవడం వాడికి అర్థమయ్యేసరికి మూడు సాయంత్రాలు పట్టింది. నాలుగో రోజు వాడే మిగతా ఐదుగురికి బోర్డు దగ్గర నిలబడి చెప్తున్నాడు.

మీ అమ్మాయికి తెలుగు చదవడం రాదని బెంగపడకండి. ఒకటో తరగతి వాచకం, పలక కొనుక్కుని ఏదో ఒక పిల్ల పక్కన కూర్చుని తనూ అ ఆలు దిద్దమనండి. పెద్దవాళ్లకు కూడా రాని పని తాము చేస్తున్నామంటే ఆ పిల్లలకు ఎంత ధైర్యమో! పైగా స్టేషన్లలో దొరికే పిల్లల్లో ఒడిశా, బెంగాల్, బిహార్ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. నాలుగు హిందీ ముక్కలు వస్తే ఇంకా మంచిది.

ఈ చదువు ఎక్కడికి చేరాలో కూడా తెలియాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన చదువు విడిగా నేర్పాలి. జనన ధ్రువీకరణ పత్రం లేదని బడి వాళ్లు వెనక్కి పంపకూడదు. బడికి దూరమైన పిల్లలు ఆ తరగతి చదువు అందుకునేదాకా, ఆ మధ్య కాలానికి పనికొచ్చేదే బ్రిడ్జి కోర్సు. మన దగ్గర దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారు. పనిలో ఉన్న పిల్లల్ని క్యాంపుల్లో చదివించి తిన్నగా బడిలో కూర్చోబెట్టారు. ఆవిడకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాలంటీర్లు రోజూ రెండు గంటలు కూర్చుంటే ఆ బ్రిడ్జి కోర్సు టీచర్‌కి ఎంత సాయమో నేను కళ్లారా చూశాను. హైదరాబాద్‌లో అయితే ప్రభుత్వ బడుల గదుల్లో నడిచే, వీధి పిల్లలు ఉండి చదువుకునే రెయిన్‌బో హోమ్స్ ఉన్నాయి. ఆ ఆలోచన కోల్‌కతాలో మొదలైంది. ఐర్లండ్ నుంచి 1956లో వచ్చిన సిస్టర్ సిరిల్, సీల్దాలో తాను నడిపే బడిలోనే వీధి ఆడపిల్లలకు ఉండడానికి చోటిచ్చారు. మిగతా విద్యార్థినుల చేతే వాళ్లకు చదువు చెప్పించారు. కాబట్టి విదేశీయులు ఇక్కడ ఏం చేయగలరు అని మీ బంధువులు ఎవరైనా అంటే పట్టించుకోకండి.

చేయకూడనివి రెండు, నేను చేసి నేర్చుకున్నవి.

మూడో నెలలో ఒక చిన్నవాడు పదో ఎక్కం దాకా ఒప్పజెప్పాడు. నాకు సంతోషం ఆగలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న డిజిటల్ వాచీ తీసి వాడి చేతికి పెట్టాను. మర్నాడు వెళ్తే వాడి పెదవి వాచి ఉంది, చేతికి వాచీ లేదు. బయట పెద్ద కుర్రాళ్లు కొట్టి లాక్కున్నారు. కౌన్సిలర్ నన్ను ఏమీ అనలేదు. "ఈసారి ఏదైనా ఇవ్వాలనిపిస్తే హాలుకి ఇవ్వండి మేడమ్" అంది, అంతే. పెద్ద అంకెలున్న గోడ గడియారం ఒకటి కొనుక్కెళ్లి బోర్డు పైన తగిలించాం. ఒక్కొక్కరికీ విడిగా ఏదీ ఇవ్వొద్దు, చాక్లెట్టైనా సరే. పుట్టినరోజుకి కేకులు తీసుకెళ్లి పిల్లల చేత పాట పాడించడం కూడా వద్దు. ఆదివారాలు అక్కడికి బిరియానీ పొట్లాలు, కేకులు బాగానే వస్తాయి. బుధవారం సాయంత్రం గజ్జికి మందు రాసేవాళ్లు, గోళ్లు తీసేవాళ్లు, పేలు చూసేవాళ్లు ఉండరు. ఆ పని చేయమనండి.

రెండోది, "ఇల్లెందుకు వదిలొచ్చావు?" అని అడగొద్దు. ఆ ప్రశ్న పదిమంది అడిగి ఉంటారు, పదిమందికీ పది కథలు చెప్పి ఉంటారు. తనంతట తాను చెప్తే వినాలి. కానీ "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యక్కా" అంటే ఒట్టు పెట్టకూడదు. ఒకమ్మాయికి నేను పెట్టబోయాను, పక్కనే ఉన్న వార్డెన్ కళ్లతోనే ఆపింది. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం, వాలంటీర్లకైనా మినహాయింపు లేదు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రమే చెప్తాను" అనాలి. అదే నిజం కూడా.

వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ గుడ్డలో పోసి పీల్చే పిల్లలూ వస్తారు. ఆకలి తెలియదట. కళ్లు తేలేసి వచ్చిన రోజున పాఠాలూ మందలింపులూ వద్దు, స్టాఫ్‌కి అప్పగించేయాలి.

క్షేమం గురించి అడిగారు. షెల్టర్‌లో భయం లేదు. రాత్రిపూట ప్లాట్‌ఫాంల మీదికి మాత్రం ఒంటరిగా వెళ్లొద్దు, స్టాఫ్ వెళ్తుంటే వాళ్లతో వెళ్లాలి. దారిలో ఒంటరి పిల్లవాడు కనిపిస్తే తను చేయి పట్టుకుని ఎక్కడికీ తీసుకెళ్లకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. స్టేషన్‌లో అయితే ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లకు చెప్పొచ్చు. వచ్చే ముందు టైఫాయిడ్, హెపటైటిస్ టీకాలు, టీటీ చూసుకోండి.

డబ్బు పంపాలనుకుంటే ముందు ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉందేమో అడగండి. అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లు ఇచ్చేది, ఓసీఐ ఉన్నా సరే, విదేశీ విరాళం కిందే లెక్క. ఆ రిజిస్ట్రేషన్ లేని సంస్థ మీ డబ్బు తీసుకుంటే చిక్కుల్లో పడేది వాళ్లే.

ఇక నా టికెట్ సంగతి. అత్తగారు కోలుకున్నారు, నా తేదీ ఖాయమైంది. పిల్లలకు చెప్పడానికి నోరు రాక రోజులు నెట్టుకొచ్చి, వెళ్లడానికి నాలుగు రోజుల ముందు చెప్పాను. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. ఆ మర్నాడు స్టడీ అవర్‌కి రాలేదు. నేను వెళ్లే రోజునా కనపడలేదు. అమెరికా వచ్చాక వార్డెన్‌కి ఫోన్ చేస్తే, ఏదో బండెక్కి వెళ్లిపోయాడని చెప్పింది. తొమ్మిది రోజుల తర్వాత తిరిగొచ్చాడు. ఆ తొమ్మిది రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు. మొదటి రోజు అడిగినప్పుడే నెల, తేదీ చెప్పి ఉంటే వాడు లెక్కపెట్టుకుని ఉండేవాడు. లెక్కలు వాడికి బాగా వచ్చు.

ఇప్పుడు అక్కడ గోడ గడియారం కింద ఒక క్యాలెండర్ తగిలించారట. కొత్తగా ఎవరు వచ్చినా వాళ్ల చివరి రోజును పిల్లలే ఎర్ర పెన్నుతో చుడతారని వార్డెన్ చెప్పింది. మీ అమ్మాయి వెళ్లే చోట అలాంటిది లేకపోతే, మొదటి రోజు ఒక క్యాలెండర్ కొనుక్కుని వెళ్లమనండి.