రేసు కారు గేర్‌బాక్స్ మళ్లీ కట్టేటప్పుడు పినియన్ డెప్త్‌కి పాత షిమ్ములే వేయొచ్చా?

హ్యూలాండ్ (రేసు గేర్‌బాక్సులు చేసే బ్రిటిష్ కంపెనీ) బాక్స్‌లో బేరింగులు, క్రౌన్ పినియన్ (పెద్ద క్రౌన్ వీల్, దాన్ని తిప్పే చిన్న పినియన్ గేరు) కొత్తవి వేశాం, పాత షిమ్ములే (సందు సరిచేసే పల్చటి రేకులు) పెట్టేయొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి. అవి పాత పినియన్‌కి, పాత బేరింగ్‌కి కుదిరిన షిమ్ములు. పినియన్ డెప్త్ అంటే క్రౌన్ వీల్ తిరిగే అక్షం నడిమి నుంచి పినియన్ ముఖం దాకా ఉండే దూరం.

పినియన్ ముఖం మీద చెక్కిన అంకె చూడండి. కొందరు తయారీదారులు ఆ దూరమే రాస్తారు, కొందరు ప్రామాణిక కొలతకి తేడా మాత్రమే రాస్తారు. మీదేదో మాన్యువల్‌లో తేల్చుకోండి. దూరం 58.00 మి.మీ. అనుకుందాం. క్రౌన్ వీల్‌ని మోసే డిఫరెన్షియల్ బేరింగుల చోట 30.00 మి.మీ. వ్యాసం ఉన్న మాండ్రెల్ (కచ్చితంగా గ్రైండ్ చేసిన గుండ్రటి కడ్డీ) పెడితే, అందులో సగం 15 పోను, దానికీ పినియన్ ముఖానికీ మధ్య 43.00 రావాలి. 43.20 వచ్చిందంటే పినియన్ 0.20 వెనక ఉంది. షిమ్ము పెంచాలా తగ్గించాలా అన్నది మీ బాక్స్‌లో అది ఎటువైపు కూర్చుంటుందో దాన్నిబట్టి. మాండ్రెల్ కోసం విదేశాలకి ఆర్డర్ పెట్టక్కర్లేదు, హైదరాబాద్ బాలానగర్‌లో మంచి టూల్‌రూమ్ చూసుకుని గ్రైండ్ చేయించుకోండి.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. కేసు వేడిచేసి బేరింగ్ దించి, ఆ వేడి మీదే కొలిచేస్తారు. కేసు మెగ్నీషియందైతే, అది ఉక్కుకి రెట్టింపు పైగా వ్యాకోచిస్తుంది. 58 మి.మీ. దూరంలో 60 డిగ్రీల తేడా ఉంటే 0.09 మి.మీ. అక్కడే పోయింది. పూర్తిగా చల్లారనిచ్చి, నట్టు చెప్పిన టార్క్‌కి బిగించి, షాఫ్ట్ బాగా తిప్పి బేరింగ్ కూర్చున్నాకే కొలవండి. ప్రతి షిమ్మునీ మైక్రోమీటర్‌తో చూడండి, ప్యాకెట్ మీది అంకె నమ్మొద్దు. షిమ్ము కింద సీలెంట్ పూసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ పొర మందం ఎవరు లెక్కగట్టారు?

అన్నట్టు, మారుతి స్విఫ్ట్ గేర్‌బాక్స్‌కి కూడా ఇదే అడుగుతుంటారు. ఇంజిన్ అడ్డంగా కూర్చునే ఆ బాక్సుల్లో ఫైనల్ డ్రైవ్ (చక్రాలకి తిప్పుడు అందించే ఆఖరి గేర్ల జత) సమాంతర షాఫ్టుల మీది హెలికల్ గేర్లే, పినియన్ డెప్త్ అన్న మాటే లేదు.

బ్యాక్‌లాష్‌కి (రెండు గేర్ల పళ్ల మధ్య ఉండే సందు) క్రౌన్ వీల్ మీది అంకెకే కట్టుబడండి. క్రౌన్ వీల్‌కి ఒకవైపు ఎంత షిమ్ము తీస్తే రెండోవైపు అంతే వేయాలి, లేకపోతే బేరింగ్ ప్రీలోడ్ (బేరింగ్ మీద ముందే పెట్టిన బిగువు) మారిపోతుంది. డయల్ గేజ్‌తో నాలుగు చోట్ల చూడండి. 0.05 మించి తేడా వస్తే క్రౌన్ వీల్ విప్పి, కింద మురికో బర్రో (లోహపు అంచు మీద మిగిలిన చిన్న గరుకు) ఉందేమో చూసుకోండి.

ఆఖర్న మార్కింగ్ పేస్ట్ (పళ్లు ఎక్కడ తాకుతున్నాయో అచ్చు చూపే రంగు) క్రౌన్ వీల్ నాలుగైదు పళ్లకి పల్చగా పూసి, క్రౌన్ వీల్‌ని చేత్తో కాస్త ఆపుతూ పినియన్ తిప్పండి. అచ్చు పంటి కొసన పడితే పినియన్ దూరంగా ఉంది, పంటి అడుగున పడితే మరీ లోపలికి వెళ్లింది. లోడ్ పడ్డాక అచ్చు పంటి పొడుగునా క్రౌన్ వీల్ బయటి అంచువైపు జరుగుతుంది కాబట్టి, చేత్తో తిప్పినప్పుడు పంటి పొడుగులో నడిమికి కాస్త లోపలివైపు, అంటే క్రౌన్ వీల్ మధ్యవైపు ఉండాలి. సరిదిద్దేటప్పుడు 0.05 చొప్పున మార్చండి, మార్చిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ మళ్లీ మొదటినుంచి పెట్టండి.