మూలికల పొట్లం విప్పే ముందు

అమ్మడూ,

ఉద్యోగానికి సెలవు పెట్టి ఏడాదంతా చైనా వైద్యం ప్రకారం బతుకుతావట కదా. మీ అమ్మ ఫోన్ చేసి "అన్నీ నీ పోలికలే" అని నన్ను దులిపేసింది. నాకు మాత్రం లోపల గర్వంగానే ఉంది. అర్ధరాత్రి దాకా మెయిల్స్ చూసుకుంటూ తిండి కూడా మర్చిపోయే పిల్ల, ఒంటి సంగతి పట్టించుకుంటానంటే పెద్దమ్మకి అంతకంటే ఏం కావాలి? అయితే నువ్వు పంపిన ప్లాన్ మొత్తం చదివాక నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. ముందు తేలికవి కానిచ్చేద్దాం.

నువ్వు గొప్పగా పేరు రాసిన ఆ హువాంగ్‌డి నేజింగ్ ఉందే, సుమారు రెండు వేల ఏళ్ల నాటి చైనా వైద్య గ్రంథం, అందులో సువెన్ భాగం రెండో అధ్యాయం అంతా ఋతుచర్యే. వసంతంలో, వేసవిలో కాస్త ఆలస్యంగా పడుకున్నా పెందలాడే లేవమంటుంది. వసంతంలో జుట్టు విరబోసుకుని వాకిట్లో నెమ్మదిగా తిరగమంటుంది. వేసవిలో కోపం తెచ్చుకోవద్దంటుంది. శరత్తులో త్వరగా పడుకుని కోడితో పాటు లేవాలి. చలికాలంలో త్వరగా పడుకుని, ఎండ వచ్చాకే లేవాలి. ఇంతా చదివి నువ్వు జనవరిలో తెల్లవారుజామున నాలుగున్నరకి చన్నీళ్ల స్నానం రాసుకున్నావు! ఎవరు చెప్పారే నీకు? కొట్టెయ్.

తిండి విషయంలో పెద్దగా తప్పు పట్టను. వేసవికి పెసలు, కాకరకాయ, పుచ్చకాయ. శరత్తులో గాలి పొడిబారి ఊపిరితిత్తులకు పడదంటారు కాబట్టి ఉడికించిన పియర్ పండు. చలికాలానికి అల్లం వేసిన గొర్రె మాంసం పులుసు, అక్రోట్లు, నల్ల నువ్వులు. బాగానే ఉన్నాయి. కానీ తేదీలు పట్టుకుని వేలాడకు. ఏడాదిని 24 భాగాలు చేసి ఫిబ్రవరి 4 ప్రాంతంలో వసంతం, నవంబర్ 7 ప్రాంతంలో శీతాకాలం అన్న ఆ లెక్క పసుపునది పరీవాహక ప్రాంతంలో పుట్టింది. నువ్వున్న చోట నవంబర్‌లో చెమటలు పడుతుంటే గొర్రె మాంసం పులుసు ఎందుకు? చైనావాళ్లకే ఒక సామెత ఉంది: వసంతంలో దుప్పటి వదలకు, శరత్తులో తొందరపడి కప్పుకోకు. తేదీని కాదు, వాతావరణాన్ని చూడమనే కదా.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన సంగతి. శీతాకాలం కింద "కిడ్నీకి బలమిచ్చే మూలికల మిశ్రమం, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను, మూలికలే కదా పెద్దమ్మా" అని రాశావు.

మేం యోగా నేర్చుకునే రోజుల్లో మా క్లాసులో ఒకావిడ అచ్చం ఇదే మాట అనేది, మూలికే కదా ఏం చేస్తుందని. అప్పుడే బ్రస్సెల్స్ కథ బయటికొచ్చింది. అక్కడ ఒక బరువు తగ్గించే క్లినిక్ 1990లో తన మందుల్లో చైనా మూలికల పొడులు కలపడం మొదలుపెట్టింది. 1992లో ఇద్దరు ఆడవాళ్లు కిడ్నీలు వేగంగా పాడైపోయి ఆసుపత్రికి చేరారు. ఆరా తీస్తే ఇద్దరూ ఆ క్లినిక్‌కి వెళ్లినవాళ్లే. తర్వాత ఒకరి వెంట ఒకరు, లెక్క వంద దాటింది. ఎందరికో డయాలసిస్, కొందరికి కిడ్నీ మార్పిడి. ఇంతకీ జరిగింది ఏమిటి? వాళ్లు వాడాలనుకున్నది ఫాంగ్‌జి అనే వేరు. పొట్లంలోకి వచ్చింది గువాంగ్ ఫాంగ్‌జి. పేరు దగ్గరగా ఉంది, మొక్క వేరు. రెండోది అరిస్టలోకియా జాతిది, అందులో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీని తినేస్తుంది. అక్కడితో అయిపోలేదు. పూర్తిగా చెడిపోయిన కిడ్నీలను, మూత్రనాళాలను ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిలో 18 మందికి అక్కడ క్యాన్సర్ కనిపించిందని 2000లో తేలింది. మందు మానేసి ఏళ్లు గడిచాక!

ఆ మనుషులు మొండివాళ్లు కాదమ్మా, డాక్టర్ ఇస్తేనే వేసుకున్నారు. నువ్వు ఇచ్చేవాడి మొహం కూడా చూడకుండా వేసుకుంటానంటున్నావు. పైగా చైనా వైద్యంలో "కిడ్నీ" అంటే ఎముకలు, వినికిడి, పుట్టుకతో వచ్చిన శక్తి అన్నీ కలిసిన ఒక భావన. ల్యాబ్‌లో రక్తంలోని క్రియాటినిన్ చూసి ఎలా పనిచేస్తుందో చెప్పే కిడ్నీ వేరు. మొదటిదానికి బలమని తాగింది రెండోదాన్ని చెడగొడితే ఏ గ్రంథం అడ్డుపడుతుంది? 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో ముందు ఆహారంతో నయం చెయ్యి, అది పని చెయ్యకపోతేనే మందు అన్నాడు. ఆ పెద్దాయన మాటైనా విను, నా మాట సరే.

ఆ పొట్లం విప్పకు. శిక్షణ ఉన్న వైద్యుడు నాడి చూసి రాసిస్తే అప్పుడు ఆలోచిద్దాం, అదీ నీ మామూలు డాక్టర్‌కి చూపించాక. అతిమధురం కూడా అమాయకమైనదేమీ కాదు. రోజూ ఎక్కువగా పడితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. మీ అమ్మకి బీపీ ఉందని మర్చిపోకు, నీకూ రావచ్చు.

యోగా గురించి రెండు ముక్కలు. ఒక్కో ఆసనంలో నిమిషాల తరబడి వదులుగా ఉండే ఆ యిన్ యోగా పురాతనమని రాశావు. కాదు, అమెరికాలో 1970ల చివర నుంచి రూపు కట్టింది. దాన్నేమీ తక్కువ చేయడం లేదు, చలికాలపు సాయంత్రం కాళ్లు చాపి ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో మూడు నుంచి ఐదు నిమిషాలు వదులుగా ఉంటే వీపు, తొడల వెనక భాగం కరిగినట్టు ఉంటుంది. మందమైన లాగుడు ఉంటే ఉండనీ, సూదిలా పొడిస్తే బయటికి రా. నీ మోకాలు అసలే మంచిది కాదు, అరికాళ్లు కలిపి కూర్చునే బద్ధకోణాసనంలో మోకాళ్ల కింద దిండు పెట్టుకో. సిగ్గుపడకు, నేను ఇప్పటికీ పెట్టుకుంటాను.

మీ అమ్మని నేను సముదాయిస్తాలే. నువ్వు మాత్రం ఈ వారంలో క్రియాటినిన్, బీపీ చూపించుకుని రిపోర్టు నాకు పంపు, ఆ పొట్లం మీద ఏం రాసి ఉందో ఫొటో కూడా.

నీ పెద్దమ్మ